ఓడలెక్కి వచ్చిన వాటిలో ప్రపంచ చరిత్రను ఎక్కువగా మార్చింది ఏది?

తెరచాప
అందరికీ నమస్కారం. సముద్రయానాల గురించి మనం చదువుకున్న పాఠాల్లో పేర్లు, సంవత్సరాలు, మ్యాపు మీద బాణం గుర్తులు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. కొలంబస్ 1492, వాస్కోడగామా 1498, మెజిలాన్ 1519. ఆ ఓడల్లో ఏమేం వెళ్లాయన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు ఆసక్తి అంతా అక్కడే.

1493లో కొలంబస్ రెండోసారి బయల్దేరినప్పుడు 17 ఓడలు వెళ్లాయి. గుర్రాలు, ఆవులు, పందులు, మేకలు, కోళ్లు, గోధుమ విత్తనాలు, చెరకు మొక్కలు అన్నీ ఎక్కించారు. గుర్రం సంగతే చూడండి. అమెరికా ఖండాల్లో అది సుమారు 10,000 ఏళ్ల కిందటే అంతరించిపోయింది. స్పెయిన్ వాళ్లతో మళ్లీ అడుగుపెట్టాక అక్కడి మైదానాల్లోని తెగల బతుకే మారిపోయింది. సినిమాల్లో చూసే కొమాంచీ, లకోటా రౌతులు కొలంబస్‌కి ముందు లేరు. పాత ఎముకలు పరీక్షించి 2023లో తేల్చిందేమిటంటే, తెల్లవాళ్లు ఆ మైదానాలకు చేరకముందే, 1600ల మొదటి భాగంలోనే గుర్రాలు అక్కడికి చేరిపోయాయి. తెగలు ఒకరి నుంచి ఒకరు తెచ్చుకుని పెంచుకున్నారు.

చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ క్రాస్బీ 1972లో ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి 'కొలంబియన్ ఎక్స్ఛేంజ్' అని పేరు పెట్టాడు. ఎవరూ ఎక్కించకుండానే వెళ్లినవి కూడా ఇందులో ఉన్నాయి: ఎలుకలు, కలుపు విత్తనాలు, క్రిములు. నా ఓటు మశూచికి. 1520 జూన్ 30 రాత్రి మెక్సికోను ఏలుతున్న అజ్టెక్‌లు స్పెయిన్ సేనాని కోర్టెజ్ సేనను రాజధాని టెనోచ్‌టిట్లాన్ నుంచి తరిమేశారు. కొన్ని నెలలకే ఊళ్లో మశూచి మొదలైంది. కొత్తగా గద్దెనెక్కిన రాజు క్విట్లావాక్ దానికే బలయ్యాడు. 1521 ఆగస్టు 13న నగరం పడిపోయింది. ఆ రోగం రాకపోయి ఉంటే కోర్టెజ్ పేరు మనకు ఇంతగా తెలిసేది కాదు.

మీ ఎంపిక ఏది? కారణం కూడా రాయండి.

సోషల్ టీచరమ్మ
మంచి చర్చ మొదలుపెట్టారు తెరచాప గారూ. మశూచి పాత్రను కాదనను, కానీ ఒక విషయం గట్టిగా చెప్పాలి. అంతా రోగం మీదకు నెట్టేస్తే మనుషులు చేసింది కనబడకుండా పోతుంది.

హిస్పానియోలా దీవిలో, అంటే ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న చోట, మశూచి కనబడింది 1518 చివర్లో. దానికి ముందే 1514లో లెక్క తీస్తే అక్కడి మూలవాసులైన టైనో జనంలో మిగిలింది సుమారు 26,000 మందే. బంగారు గనుల్లో వెట్టిచాకిరీ, పంటలు వేసుకునే వీలు లేక ఆకలి, చెదిరిన కుటుంబాలు. ఆ జనం అప్పటికే సగం చచ్చి ఉన్నారు. మెక్సికోలో కూడా కోర్టెజ్ పక్కన పొరుగు రాజ్యమైన త్లాస్కలా యోధులు వేల మంది పోరాడారు. అజ్టెక్‌ల మీద వాళ్లకు పాత కక్షలున్నాయి. క్రిమి ఒక్కటే రాజ్యాన్ని కూల్చలేదు. కడుపు నిండా తిండి, ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నవాళ్లు అదే రోగం నుంచి ఎక్కువ మంది బయటపడతారు.

సూక్ష్మజీవి
టీచరమ్మ గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వైద్యం వైపు నుంచి ఇంకో రెండు మాటలు.

మెక్సికోలో 1545లోనూ, 1576లోనూ ఇంకా ఘోరమైన మహమ్మారులు వచ్చాయి. అక్కడి జనం కోకోలిజ్‌ట్లి అన్నారు. అదేం రోగమో చాలాకాలం తేలలేదు. 2018లో ఓహాకా ప్రాంతంలోని పాత సమాధుల్లో దొరికిన పళ్లలో డీఎన్ఏ పరీక్షిస్తే టైఫాయిడ్ కుటుంబానికి చెందిన సాల్మోనెల్లా రకం బయటపడింది. అంటే ఒక్క మశూచే కాదు. తట్టు, ఫ్లూ, టైఫస్ అన్నీ ఒకదాని వెంట ఒకటి దిగాయి. ఒకసారి కోలుకునేలోపు ఇంకోటి.

అమెరికా నుంచి ఇటు వచ్చిందని ఎక్కువ మంది పరిశోధకులు అనుకునేది సిఫిలిస్. 1495లో నేపుల్స్‌ను ముట్టడించిన ఫ్రెంచ్ సైన్యంలో బద్దలైంది. 16వ శతాబ్దపు మన భావమిశ్రుడు తన వైద్య గ్రంథంలో దీన్ని ఫిరంగ రోగం అని వర్ణించి, చైనా నుంచి వచ్చే చోపచీని వేరుతో మందు చెప్పాడు. అమెరికా రోగం, పోర్చుగీసు ఓడ, చైనా మందు, సంస్కృత గ్రంథం. వందేళ్లు కూడా పట్టలేదు.

నా ఓటు మాత్రం దోమకు. వివరంగా తర్వాత రాస్తాను, డ్యూటీకి టైమైంది.

పల్నాటి బిడ్డ
మేం తరాలుగా మిరప పండించే వాళ్లం. పోర్చుగీసు వాళ్లు తెచ్చేదాకా మన దగ్గర మిరపకాయ లేదని అందరూ అంటారు. నిజమేనా? గుంటూరు యార్డులో ఆ ఎర్రటి మిరప టిక్కీల (బస్తాల) గుట్టలు చూస్తే ఇది ఐదొందల ఏళ్ల పంట అంటే మనసు ఒప్పుకోదు.

తెరచాప
నిజమేనండి. మిరపను మొదట సాగులోకి తెచ్చింది మెక్సికో ప్రాంతం వాళ్లు. 1498 తర్వాతే అది గోవా, మలబారు తీరాలకు చేరింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలు, పిప్పళ్లు, శొంఠి, అల్లం. మిరియాల తీగ పడమటి కనుమల్లో తప్ప అన్నిచోట్లా పండదు, కొనాలంటే ఖరీదు. మిరప అయితే పెరట్లో నాలుగు మొక్కలు వేసుకుంటే ఏడాదికి సరిపడా కారం. అందుకే అంత వేగంగా పాకింది. ఏ రాజూ ఫర్మానా ఇవ్వక్కర్లేకపోయింది.

వేదగిరి వంటిల్లు
దీనికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. తద్దినం వంటలో ఎండుమిరప గానీ పచ్చిమిరప గానీ వేయం, కారం మొత్తం మిరియాలతోనే. టమాటా, బంగాళదుంప కూడా రావు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలోనూ ఇవేవీ వేయరు. పితృకార్యంలో, దేవుడి వంటలో కొత్త వస్తువులు రానివ్వలేదు కాబట్టి 1498కి ముందరి వంట ఎలా ఉండేదో అక్కడ మిగిలిపోయింది. మా అత్తగారు చేసే ఆ మిరియాల చారు రుచి చూశాక, మిరప లేని రోజుల్లో తిండి చప్పగా ఉండేదని నేనెప్పుడూ అనుకోలేదు.

ఓరుగల్లు పోరడు
అన్నా, మిరప సంగతి సరే. మా దిక్కు మక్కలు మస్తుగా వేస్తరు. మక్కజొన్న కూడా అమెరికాదే అంటున్నరు గదా, మరి మైసూరు దగ్గర సోమనాథపురం గుడిలో బొమ్మల చేతుల్లో మక్క కంకులు ఉన్నయని చదివిన. ఆ గుడి 13వ శతాబ్దంది. కొలంబస్ కంటే 200 ఏళ్లు ముందు. దీనికి ఏం జవాబు?

శిల్పరేఖ
ఇది చాలామందికి వచ్చే ప్రశ్న, అడగడం మంచిదైంది. హొయసల రాజుల కాలం నాటి ఆ శిల్పాల చేతుల్లో ఉన్నవి మొక్కజొన్న కంకులేనని ఒక అమెరికన్ పరిశోధకుడు 1980ల చివర్లో వాదించాడు. ఫోటోల్లో చూస్తే గింజలు వరసగా పేర్చినట్టే ఉంటాయి కూడా. నేను ఆ గుడికి వెళ్లినప్పుడు ఈ ఒక్క సంగతి కోసమే శిల్పాల చుట్టూ చాలాసేపు తిరిగాను.

దగ్గరగా చూస్తే ఆ గింజలు అన్ని శిల్పాల్లో ఒకలా లేవు. కొన్నిచోట్ల కంకి కింద నుంచి ముత్యాల కుచ్చులు వేలాడుతుంటాయి. హొయసల శిల్పుల పని తెలిసినవాళ్లు వీటిని ముత్యాలు పొదిగిన ముక్తాఫలం అంటారు. అసలు సాక్ష్యం శిల్పం కాదు, మట్టి. మొక్కజొన్న పండించిన చోట మాడిన గింజలు, బెండ్లు, పుప్పొడి మిగలాలి. మెక్సికోలో వేల ఏళ్ల నాటివి దొరికాయి. మన దేశంలో 1500కి ముందరి పొరల్లో నమ్మదగ్గది ఒక్కటీ దొరకలేదు. జొన్న, రాగి, పెసర గింజలు దొరికిన తవ్వకాల్లోనే ఇది లేదు. సీతాఫలం విషయంలోనూ పాత శిల్పాలు చూపించి ఇదే వాదన వస్తుంటుంది. రాతిలో గుండ్రటి పండు కనబడగానే పేరు పెట్టేస్తే కష్టం.

ఓరుగల్లు పోరడు
ముక్తాఫలం గురించి ఎన్నడు వినలే, మంచిగ చెప్పిన్రు. గింజలు మట్టిల దొరకాలె అన్నది పాయింటే. జొన్నలు దొరికినయి అన్నరు, అయితే జొన్నలైతే మనవే గదా?

తెరచాప
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. జొన్న, సజ్జ, రాగి మూడూ ఆఫ్రికా నుంచి వచ్చినవి!

జొన్నను మొదట సాగు చేసింది తూర్పు సూడాన్ ప్రాంతంలో. సజ్జ సహారా ఎడారి దక్షిణపు అంచున, మాలీ వైపు. రాగి ఇథియోపియా, ఉగాండా ఎత్తుభూముల్లో. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలో ఇవి మన దేశంలో కనబడటం మొదలవుతుంది, గుజరాత్ వైపు ముందుగా. అరేబియా తీరం వెంబడి ఒక రేవు నుంచి ఇంకో రేవుకు చిన్న చిన్న పడవల్లో వచ్చి ఉంటాయని పురావస్తు శాస్త్రవేత్తల అంచనా. పెద్ద ఓడలు లేవు, రాజుల పేర్లు లేవు, తేదీలు లేవు. బెస్తవాళ్లు, చిన్న వ్యాపారులు, మూటల్లో గింజలు. కొలంబస్ కంటే మూడు వేల ఏళ్ల ముందు జరిగిన మార్పిడి ఇది.

దీని ఫలితం మామూలుది కాదు. దక్కన్ పీఠభూమిలో వానలు తక్కువ, నేల గట్టి. ఎండకు ఓర్చి పండే ఈ ఆఫ్రికా గింజలు వచ్చాక ఇక్కడి వానాకాలపు సేద్యం బలపడింది. మన కొర్రలు, సామలు, ఉలవలు అప్పటికే ఉన్నాయి, వాటి పక్కన ఇవి చేరాయి. అలసందలు కూడా ఆఫ్రికావే. చింతచెట్టు పుట్టిల్లూ ఆఫ్రికాయే, చాలా పాతకాలంలోనే ఇక్కడికొచ్చింది. ఇంకోటి చెప్తే కొందరికి కష్టంగా ఉంటుందేమో గానీ, గోంగూర కూడా అంతే.

పల్నాటి బిడ్డ
గోంగూర కూడానా! ఒక్క నిమిషం ఆగి మళ్లీ చదివాను.

అయితే పల్నాడు గురించి శ్రీనాథుడిదిగా చెప్పే చాటువు ఉంది కదా, ఇక్కడ సజ్జ కూడు, జొన్న కూడు తప్ప దిక్కు లేదని విసుక్కుంటాడు. ఆయన కొలంబస్‌కి ముందటివాడు. అంటే ఆయన విస్తట్లో ఆఫ్రికా గింజ ఉంది, మెక్సికో మిరప మాత్రం లేదు. ఇప్పుడు మా ఇంట్లో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టుకుంటే గింజ, ఆకు ఆఫ్రికావి, కారం మెక్సికోది. పండించిన చెయ్యి మాత్రం మాది. నాకు ఇది చిన్నతనంగా ఏమీ అనిపించడం లేదు, పైగా గర్వంగా ఉంది. వచ్చినదాన్ని ఈ నేలకు అలవాటు చేసింది మా రైతులే.

కోనసీమ కొబ్బరి
నేను కొబ్బరి గురించి రాస్తాను. కొబ్బరికాయ తనంతట తాను నీళ్ల మీద తేలుతూ వెళ్లి ఎక్కడ ఒడ్డుకు చేరితే అక్కడ మొలిచిందని చిన్నప్పుడు విన్నాం. అది కొంతవరకే నిజం. 2011లో ప్రపంచమంతటి నుంచి 1,300కు పైగా చెట్ల డీఎన్ఏ చూస్తే రెండు పెద్ద వంశాలు బయటపడ్డాయి: పసిఫిక్ వైపుది ఒకటి, హిందూ మహాసముద్రం వైపుది ఇంకోటి. కరీబియన్ దీవుల్లో, బ్రెజిల్ తూర్పు తీరంలో ఉన్నవి మన వైపు వంశం. పోర్చుగీసు వాళ్లు ఇటు నుంచి ఆఫ్రికా చుట్టూ తిప్పి కేప్ వెర్డే దీవుల్లో నాటి, అక్కడి నుంచి అట్లాంటిక్ దాటించారు.

మడగాస్కర్‌లో మాత్రం రెండు వంశాలూ కలిసిపోయి ఉన్నాయి. ఎందుకంటారా? అక్కడికి మొదట వచ్చి స్థిరపడినవాళ్లలో బోర్నియో దీవి జనం ఉన్నారు. పక్కన తేలే దుంగలు కట్టిన పడవల్లో హిందూ మహాసముద్రం ఈ చివరి నుంచి ఆ చివరికి, వేల కిలోమీటర్లు. మడగాస్కర్ జనం మాట్లాడే మలగాసీ భాషకు దగ్గరి చుట్టం ఈ రోజుకీ దక్షిణ బోర్నియోలోని బరిటో నది ఒడ్డున మాట్లాడే భాషే. 2012 నాటి జన్యు పరిశోధన ప్రకారం ఆ వలసకు మూలమైన ఆడవాళ్లు ఓ ముప్పై మంది మాత్రమే. వాళ్ల వెంట వరి, పెసర వెళ్లాయి. ముప్పై మంది ఆడవాళ్ల నుంచి ఒక జాతి! నా ఓటు ఆ పడవలకు.

సూక్ష్మజీవి
దోమ గురించి రాస్తానన్నాను.

పచ్చజ్వరాన్ని మోసే ఈడిస్ దోమ ఆఫ్రికాది. బానిసలను తరలించే ఓడల్లో తాగునీటి పీపాలుండేవి. వాటిలో గుడ్లు పెట్టి, పిల్లలై, అట్లాంటిక్ దాటింది. 1647లో బార్బడోస్‌లో పచ్చజ్వరం మహమ్మారిగా బయటపడింది. చెరకు తోటలు, బెల్లం కుండలు, నీటి గుంటలు దానికి కావలసిన ఇల్లు కట్టి పెట్టాయి.

ఇప్పుడు 1802కి రండి. సెయింట్ డొమింగోలో, అంటే ఇప్పటి హైతీలో, తిరగబడ్డ బానిసలను అణచడానికి నెపోలియన్ తన బావ లెక్లర్క్‌ను పెద్ద సైన్యంతో పంపాడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లలో చాలామందికి చిన్నప్పుడే ఆ జ్వరం వచ్చి తగ్గి ఉంది. కొత్తగా దిగిన ఫ్రెంచ్ సైనికులు వేలకు వేలు రాలిపోయారు, లెక్లర్క్ కూడా పోయాడు. ఆ దెబ్బతో నెపోలియన్ 1803లో లూసియానా ప్రాంతం మొత్తాన్ని అమెరికాకు అమ్మేశాడు. అమెరికా విస్తీర్ణం రెట్టింపైంది. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రం ప్రకటించుకుంది. దోమ సాయం చేసింది, అందులో సందేహం లేదు. కానీ వాన రోజుల్లో ఫ్రెంచ్ సేన జ్వరంతో పడిపోతుందని తెలిసి యుద్ధాన్ని సాగదీసింది టూసెంట్ లువెర్చర్, డెసాలీన్ లాంటి తిరుగుబాటు నాయకుల తెలివి. టీచరమ్మ గారు చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది.

మలేరియాలో ప్రాణాంతకమైన రకం కూడా అవే ఓడల్లో అమెరికా చేరింది. దానికి మందు మాత్రం అక్కడే, ఆండీస్ కొండల్లోని సింకోనా బెరడులో దొరికింది. 1860ల్లో ఆంగ్లేయులు ఆ చెట్టును నీలగిరుల్లో నాటారు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లో. ఆ భవనం ఇప్పటికీ బేగంపేట దగ్గర ఉంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఒక్కసారైనా వెళ్లి చూడండి.

మిన్నెసోటా మంచు
ఇక్కడ అమెరికాలోని మిన్నెసోటాలో మా ఇంటి దగ్గర్లో చెరువుల దగ్గర ఒక బోర్డు ఉంటుంది: చేపలకు ఎరగా తెచ్చిన వానపాములను అడవిలో పారేయకండి అని. మొదట చూసినప్పుడు ఆశ్చర్యపోయాను. వానపాము రైతు నేస్తం అని చదువుకున్నవాళ్లం కదా.

సంగతేమిటంటే, ఉత్తర అమెరికా పైభాగాన్ని మంచు పలకలు వేల ఏళ్లు కప్పేశాయి. అవి కరిగాక మొలిచిన అడవుల్లో వానపాములే లేవు. యూరప్ ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చిన మట్టిలోనూ, మొక్కల వేళ్ల మట్టిలోనూ వచ్చి చేరాయి. ఇక్కడి అడవిలో నేల మీద రాలిన ఆకులు మెత్తటి పరుపులా ఏళ్ల తరబడి ఉంటాయి. చిన్న మొక్కలు అందులోనే మొలవాలి. వానపాములు ఆ ఆకులన్నీ తినేసి నేలను బోసిగా చేస్తున్నాయి. మేపుల్ మొలకలు బతకడం లేదు. నేల మీద గూడు కట్టే పక్షులకు చోటు లేదు. 400 ఏళ్ల కిందట మొదలైంది ఇంకా ముందుకు పాకుతూనే ఉంది.

సోషల్ టీచరమ్మ
పిల్లలకు చెప్పడానికి ఎంత మంచి ఉదాహరణ! రేపే క్లాసులో చెప్తాను.

బంగాళదుంప గురించి ఇంకా ఎవరూ రాయలేదు, క్లుప్తంగా నేనే రాస్తున్నాను. ఆండీస్ రైతులు వందల రకాల దుంపలు పండించేవారు. ఐర్లాండ్ పేదలు చివరికి ఎక్కువగా ఒక్క రకం మీదే ఆధారపడ్డారు. 1845లో అమెరికా నుంచే వచ్చిన తెగులు తగిలి పంట కుళ్లిపోయింది. 10 లక్షల మంది దాకా చనిపోయారు, అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కి దేశం వదిలారు. ఆ ఏళ్లలోనే ఐర్లాండ్ నుంచి ఇంగ్లండుకు ధాన్యం, పశువులు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. మన దగ్గర 1876-78 కరువులో మద్రాసు రాష్ట్రం నుంచి ధాన్యం బయటికి వెళ్లినట్టే.

తెరచాప
చైనాలో దీనికి ఇంకో వైపు ఉంది. 1593లో చెన్ ఝెన్‌లాంగ్ అనే వ్యాపారి ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి నుంచి చిలగడదుంప తీగను చైనాలోని ఫుజియాన్ రాష్ట్రానికి తెచ్చాడు. బయటికి పోనివ్వకూడదని స్పెయిన్ వాళ్ల ఆంక్ష ఉండటంతో ఓడ తాళ్లలో పేని దాచాడని చెబుతారు. మరుసటి ఏడాదే కరువు వస్తే అక్కడి గవర్నర్ దాన్ని సాగు చేయించాడు. వరి పండని కొండవాలుల్లో చిలగడదుంప, మొక్కజొన్న పండాయి. 18వ శతాబ్దంలో చైనా జనాభా సుమారు రెట్టింపైంది. కొండల మీద అడవి నరికేసరికి మట్టి కొట్టుకొచ్చి నదులు పూడాయి, వరదలు పెరిగాయి.

అదే చిలగడదుంప పసిఫిక్ మహాసముద్రంలోని పాలినీషియా దీవుల్లో కొలంబస్‌కి ముందే ఉంది! కుక్ దీవుల్లోని మంగాయియాలో మాడిన దుంప ముక్కలు దొరికాయి. 2018లో ఒక బృందం, తీగ మనిషి సాయం లేకుండానే సముద్రం దాటి ఉండొచ్చంది. 2020లో ఇంకో బృందం పాలినీషియన్ల జన్యువుల్లో దక్షిణ అమెరికా జనంతో 1200 ప్రాంతంలో కలయిక జరిగిన గుర్తులు చూపింది. నేను రెండో వైపే. నక్షత్రాలు, అలలు, పక్షులు చూసి ఆ మహాసముద్రంలో దీవులన్నీ వెతికి పట్టుకున్న మనుషులు చివరి తీరానికి మాత్రం వెళ్లలేదని నేను నమ్మలేను.

పోర్ట్ లూయీ నుంచి
ఉద్యోగం మీద మారిషస్‌లో ఉంటున్నాను. అంతరించిపోయిన డోడో పక్షి పేరు ఇక్కడ ప్రతి టీషర్టు మీదా ఉంటుంది. డచ్చివాళ్లు 1598లో దిగారు. డోడోను నమ్మకంగా చూసిన చివరి సంవత్సరం 1662 అంటారు. మనుషులు కొట్టి తిన్నది కొంతే. ఓడల్లో వచ్చిన పందులు, కోతులు, ఎలుకలు నేల మీది గుడ్లను మిగల్చలేదు. ఆ ఓడ ఎలుక ఉందే, నల్ల ఎలుక, దాని పుట్టిల్లు మన భారత ఉపఖండం. ఇక్కడి నుంచి రోమన్ల కాలంలో యూరప్ చేరి, ఆ సామ్రాజ్యం పడిపోయాక తగ్గిపోయి, మధ్యయుగాల్లో మళ్లీ వెళ్లిందని 2022లో డీఎన్ఏతో తేల్చారు. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలతో వచ్చినది వేరే ఎలుక. అది కొరికిన గింజల వయసు కట్టే అక్కడ మనుషులు 1280 ప్రాంతంలో దిగారని చెప్పగలిగారు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లలోపే ఎగరలేని పెద్ద పక్షులైన మోవాలు తొమ్మిది రకాలూ పోయాయి.

నా ఓటు మాత్రం చెరకుకు. 1639లో డచ్చివాళ్లు జావా నుంచి చెరకు ఇక్కడికి తెచ్చారు. దీని మొదటి పుట్టుక న్యూగినీ. అట్లాంటిక్ వైపు ఈ ఒక్క గడ్డి కోసమే ఎక్కువగా బానిస వ్యాపారం నడిచింది. ఓడ ఎక్కించిన ఆఫ్రికన్లు 1.25 కోట్ల మంది దాకా ఉంటారని, దిగింది 1.07 కోట్లని అంచనా. మిగతావాళ్లు దారిలోనే చనిపోయారు. బానిసత్వం రద్దయ్యే సమయంలో, 1834 నుంచి తోటల్లో పనికి మన దేశపు కూలీలను తెచ్చారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి వచ్చిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఇక్కడ ఉగాది చేస్తారు, రామభజనలు పాడతారు. మొక్క మనిషిని తన వెంట లాక్కుపోయిందంటే ఇదే. నాలుగు తరాల కిందట ఊరు విడిచిన మనిషి కథ వాళ్ల నోట వింటుంటే గొంతు పట్టేస్తుంది.

సోషల్ టీచరమ్మ
చాలా కదిలించారు. అలా బలవంతంగా తీసుకెళ్లినవాళ్లు తమవంటూ ఏమైనా తీసుకెళ్లగలిగారా?

తెరచాప
వెళ్లారు టీచరమ్మ గారూ. దక్షిణ అమెరికాలోని సూరినామ్ అడవుల్లోకి తప్పించుకున్న ఆఫ్రికా బానిసల సంతతి, అంటే మరూన్ల ఇళ్లలో ఒక కథ తరాలుగా ఉంది: తమ ముత్తవ్వలు జడల్లో వడ్లు దాచుకుని పారిపోయారని. వాళ్లు పండించే నల్లవరి ఆసియాది కాదు, ఆఫ్రికా జాతి. 2016లో దాని జన్యువులు పోల్చి చూస్తే పశ్చిమ ఐవరీకోస్ట్‌లోని రైతుల వరికి బాగా దగ్గరగా వచ్చింది. తోటల యజమానులు రాసిన లెక్కల పుస్తకాలకే విలువిచ్చి ఈ ఆడవాళ్ల మాటను చాలాకాలం కథ అని పక్కన పెట్టారు. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది.

పల్నాటి బిడ్డ
అందరూ పాతవి రాశారు, నేను ఇప్పటిది రాస్తాను. 2021-22లో మా మిరప పూతలో నల్ల తామర పురుగు పడింది. పువ్వు విప్పి చూస్తే నల్లగా పదుల కొద్దీ. పూత రాలిపోయింది, కాయ గిడసబారింది. ఏ మందు కొట్టినా లొంగలేదు. అప్పులపాలై తోటలు దున్నేసినవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. అది ఆగ్నేయాసియా పురుగు అని, మన దేశంలో 2015లో బొప్పాయి మీద మొదట గుర్తించారని తర్వాత తెలిసింది. మెక్సికో మొక్క, ఇండోనేషియా వైపు పురుగు, గుంటూరు జిల్లా పొలం. దీన్ని ఆపే దారి లేదా సూక్ష్మజీవి గారూ?

సూక్ష్మజీవి
మీ కష్టం చదివి బాధగా ఉంది. ఈ రాకపోకలు ఇప్పుడు ఇంకా వేగంగా ఉన్నాయి. ఓడలు బరువు కోసం నింపుకునే నీళ్లలో జీవులు ఊళ్లు మారకుండా ఒక అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. మొక్కలు, విత్తనాలకు రేవుల్లో, ఎయిర్‌పోర్టుల్లో క్వారంటైన్ తనిఖీ ఉంది. అయినా ఆవగింజ కంటే చిన్న పురుగు నారుతోనో పూలతోనో దాటిపోతుంది.

ఒకసారి వచ్చాక పూర్తిగా తుడిచేయడం కష్టం. కొత్త చోట దానికి శత్రువులు ఉండవు, అదే అసలు సమస్య. 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకు ఎర్రరంగు కోసమని ఒక పురుగును తెచ్చారు. రంగు సరిగా రాలేదు గానీ, మన దేశంలో పాకిపోయిన అమెరికా నాగజెముడు రకాన్ని అది తినేసింది. దాన్ని చూసే తర్వాత దక్షిణాదిలో కావాలనే వదిలారు. కలుపును పురుగుతో అదుపు చేసిన మొదటి ఉదాహరణల్లో అది ఒకటి. తామర పురుగుకు కూడా దాని సొంత దేశంలో శత్రువులెవరో వెతకాలి. ఈలోగా నీలిరంగు జిగురు అట్టలు పైరు ఎత్తులో పెట్టండి, నత్రజని తగ్గించండి. ఒకే మందు పదేపదే కొట్టకండి. పురుగును తినే అల్లిక రెక్కల పురుగు, అక్షింతల పురుగు ముందు చచ్చిపోతాయి. నారు ఎక్కడి నుంచి తెస్తున్నారో ఈసారి తప్పకుండా ఆకు తిప్పి చూసి తీసుకోండి.